కర్మాగారములో ఆలోచన ఎవరిది?

“చెప్పేవాడికి వినేవాడు లోకువ” అని సామెత. రేడియోలో పని చేయు మాకు ఈ మాట తరచు జ్ఞాపకము వచ్చుచుండును. మేము మైకు ముందు కూర్చుండి చెప్పుదుము. శ్రోతలు తమ ఇండ్లలో కూర్చుండి విందురు. అయినను శ్రోతలకు ఒక రక్షణ కలదు. మా మాట నచ్చనప్పుడు వారు మీట త్రిప్పి మా నోరు మూయింపగలరు. కర్మాగారములో పై అధికారి ఆజ్ఞ వినవలసిన కార్మికునకు అటువంటి మీట లేదు. అతడు వినవలెను, విన్నది చేయవలెను. అతడు చెప్పదలచుకొన్నది వినువారెవరు అన్న ప్రశ్న చాల కాలము వరకు యజమానులకు తోచనే లేదు.

నేడు వ్యాపార సంస్థలలోను, కార్యాలయములలోను మేనేజర్లకు సమస్యలను క్రొత్త త్రోవలలో పరిష్కరించుట ఎట్లో శిక్షణ ఇచ్చుచున్నారు. గోడలకు తెల్లకాగితములు అంటించి, పది మంది చేత వ్రాయించి, ఇన్ని సూత్రములు, ఇన్ని మెట్లు అని బోధించుచున్నారు. ఈ పద్ధతులు ఆకాశము నుండి ఊడిపడినవి కావు. ఒక్కొక్క దాని వెనుక ఒక కాలము, ఒక కష్టము, ఒక తగవు కలవు. వాటి చరిత్రను పరిశీలించినచో ఒక్క విషయము మాకు స్పష్టముగా కనబడుచున్నది. పద్ధతి ఏదైనను, పని చేయువాని మాట వినుటకు పైవాడు సిద్ధపడిన చోట అది ఫలించెను; సిద్ధపడని చోట మొక్కగానే వాడిపోయెను. ఆ చరిత్రను ఇచ్చట క్లుప్తముగా మనవి చేయుదుము.

ఈ కథను అమెరికా దేశపు ఇంజనీరు ఫ్రెడరిక్ విన్‌స్లో టేలరుతో ప్రారంభించుట న్యాయము. 1856లో ఫిలడెల్ఫియాలో కలవారి ఇంట పుట్టిన టేలరు కళాశాల మార్గము విడిచి యంత్రశాలలో శిష్యరికము చేసెను. 1878లో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారములో కూలివానిగా చేరి, కొద్ది సంవత్సరములలోనే అక్కడ ప్రధాన ఇంజనీరు అయ్యెను. పనిని దగ్గరనుండి చూచినవాడు కనుక అందులోని వృథాను పసిగట్టెను. ఒక్కొక్క పనిని చిన్న చిన్న కదలికలుగా విడదీసి స్టాప్‌వాచితో కొలిచెను. పార పట్టువాడు ఒక్కసారికి 21 పౌండ్లు ఎత్తినప్పుడు దినమంతటికి ఎక్కువ పని సాగునని కనుగొని, బరువైన సరకునకు చిన్న పారను, తేలికైన సరకునకు పెద్ద పారను ఏర్పాటు చేసెను. ఇది నిస్సందేహముగా తెలివైన పని. అంతకు పూర్వము పారను గూర్చి ఆలోచించిన ఇంజనీరు అరుదు.

అయితే టేలరు అంతటితో ఆగలేదు. 1899లో బెత్లెహేము ఉక్కు కర్మాగారములో కూలీలు ముడి ఇనుప దిమ్మెలను రైలు పెట్టెలకు ఎక్కించుచుండిరి. ఒక్కొక్క దిమ్మె బరువు 92 పౌండ్లు. సగటున ఒక్కొక్క కూలి దినమునకు 12½ టన్నులు మోయుచుండెను. ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు నిలువవలెనో అధికారి ప్రక్కన నిలిచి ఆజ్ఞాపించుచుండగా ఒక కూలి ఒక్కదినమున 47½ టన్నులు మోసెను. అతని కూలి 1 డాలరు 15 సెంట్లనుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగెను. పని దాదాపు నాలుగింతలయ్యెను. కూలి రెండింతలైనను కాలేదు.

1911లో ప్రకటించిన తన గ్రంథములో టేలరు ఈ తరహా కూలీని ఎద్దుతో పోల్చెను. ఈ పనికి తగినవాడు తన పనిలోని శాస్త్రమును తాను గ్రహింపజాలడనియు, చదువుకొన్నవాడు నేర్పవలసినదే అనియు వాదించెను. అదే గ్రంథములో అతడు మరియొక సంగతిని కూడ వ్రాసియున్నాడు. ఆ కూలి చిన్న స్థలము కొనుక్కొని, పనికి పోవుటకు ముందు ఉదయమునను, పని ముగిసిన పిమ్మట సాయంకాలమునను తన ఇంటి గోడలను తానే కట్టుకొనుచుండెనట! చాలీచాలని కూలిలో కూడబెట్టి స్థలము కొని, గోడలు లేపుచున్నవానికి ఆలోచన లేదని ఎట్లనగలము? ఆలోచన కలదు, కాని అది కర్మాగారపు గేటు బయటనే నిలిచిపోయెను. లోపలికి రానిచ్చినది చేతులను మాత్రమే.

టేలరు సిద్ధాంతము ఇదియే: ఆలోచన ప్రణాళికా గదిలో జరుగవలెను, పని అంగణములో జరుగవలెను. ఈ రెండింటి నడుమ గోడ లేచెను. 1911 ఆగస్టులో మసాచుసెట్సు రాష్ట్రమందలి వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారములో స్టాప్‌వాచి పట్టుకొని ప్రక్కన నిలిచిన మనిషిని చూచి పోత పనివారు పని మాని బయటికి నడచిరి. అమెరికా ప్రతినిధి సభ ఒక విచారణ సంఘమును నియమించెను. టేలరు స్వయముగా వచ్చి వాఙ్మూలమిచ్చెను. ఆ పనివారు వ్యతిరేకించినది గడియారమును కాదు. తమను అడుగకుండ తమ పనిని కొలుచుటను.

పనివానిని అడిగి తెలిసికొనవచ్చునన్న ఊహ అప్పటికే లేకపోలేదు. 1880లోనే స్కాట్లండులోని డంబార్టను పట్టణమున విలియం డెన్నీ అను ఓడల నిర్మాత, మెరుగైన పద్ధతి సూచించిన పనివారికి బహుమానములు ఇచ్చు ఏర్పాటు చేసెను. అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 1898లో ఇటువంటి పథకమును ప్రారంభించెను. అక్కడ మొదటి బహుమానము, 2 డాలర్లు, కిటికీ అద్దములు కడిగించినచో వెలుతురు బాగుండునని సూచించిన పనివానికి దక్కినదని చెప్పుకొందురు. ఎంత చిన్న మాట! కాని మసక వెలుతురులో కండ్లు చికిలించుకొని పని చేయువానికి గాని ఆ మాట తట్టదు. మేనేజరు గది కిటికీని ఎవరో ప్రతి దినము తుడుచుచునే యుందురు కదా!

క్రమముగా అనేక కర్మాగారములలో సలహాల పెట్టెలు వెలసెను. వాటి లోపము కూడ త్వరలోనే బయటపడెను. పెట్టెకు నోరు కలదు గాని చెవి లేదు. చీటీ వేసినవానికి నెలలు గడచినను జవాబు రాదు. ఎందుకు పనికిరాలేదో చెప్పువారుండరు. దున్నపోతు మీద వాన కురిసినట్లు సలహాలు కురిసి, ఇంకిపోయి, చివరకు పెట్టె తాళమునకు తుప్పు పట్టును. అడుగుట వేరు, వినుట వేరు అని దీని వలన తేలుచున్నది.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ విషయమునకు క్రొత్త మలుపు త్రిప్పెను. 1940లో అమెరికా ప్రభుత్వము యుద్ధ సామగ్రి ఉత్పత్తికి పరిశ్రమలను సన్నద్ధము చేయునప్పుడు అనుభవము గల పనివారు చాలలేదు. ఇంతవరకు యంత్రము ముట్టని స్త్రీపురుషులు లక్షల సంఖ్యలో పనిలో చేరవలసి వచ్చెను. అప్పుడు “పరిశ్రమలోనే శిక్షణ” అను పేరుతో ఒక ప్రభుత్వ విభాగమును నెలకొల్పిరి. అది పెద్ద మేనేజర్ల జోలికి పోలేదు. పనివారి ప్రక్కన నిలుచు ఫోర్మన్లను, మేస్త్రీలను పట్టుకొనెను. పాఠ్యక్రమమంతయు పది గంటలు. రెండేసి గంటల చొప్పున అయిదు కూటములు. 1945లో ఆ విభాగము మూతపడునప్పటికి 16 లక్షలకు పైగా సూపర్‌వైజర్లు శిక్షణ పొందియుండిరి.

వారికి నేర్పిన వాటిలో పనిచేయు పద్ధతిని మెరుగుపరచు పాఠము ఒకటి. పనిని చిన్న చిన్న అంశములుగా విడదీయవలెను. ప్రతి అంశమును ప్రశ్నింపవలెను: ఇది ఎందుకు అవసరము? దీని ప్రయోజనమేమి? ఎక్కడ చేయవలెను? ఎప్పుడు? ఎవరు? ఎట్లు? పిమ్మట అక్కరలేనిది తీసివేయవలెను, కలుపదగినవి కలుపవలెను, వరుస మార్చవలెను, మిగిలినదానిని సులభము చేయవలెను. ఇది మన వంటింటికి కూడ వర్తించును. నూనె కాగుచుండగా ఆవాల కొరకు ప్రక్క గదిలోని అలమర వరకు పరుగెత్తవలసి వచ్చుచున్నదనుకొందము. ఈ పరుగు ఎందుకు? పోపుల పెట్టె అక్కడనే ఎందుకు ఉండవలెను? ఎప్పుడో ఎవరో అక్కడ పెట్టిరి గనుక! పొయ్యి చెంత ఒక చిన్న చెక్క కొట్టినచో దినమునకు పది పరుగులు తప్పును. ఆ చెక్క ఎంత ఎత్తున ఉండవలెనో మాత్రము వంట చేయువారిని అడుగవలెను. కొట్టు వడ్రంగిని కాదు.

టేలరు పద్ధతికిని దీనికిని భేదము ఇచ్చటనే కలదు. విడదీయుట, కొలుచుట రెండింటను కలవు. కాని క్రొత్త పద్ధతిని పనివారితో కలసి ఆలోచింపవలెననియు, ఆలోచన ఎవరిదో వారికే ఆ పేరు దక్కవలెననియు ఈ పాఠము నొక్కి చెప్పెను. యుద్ధము ముగియగానే అమెరికాలో దీనిని చాలవరకు మరచిరి. అది మరియొక దేశమున చిగిర్చిన వైనమును ముందు చెప్పుదుము.

ఇదే కాలమున న్యూయార్కులో ఒక ప్రకటనల సంస్థకు చెందిన అలెక్స్ ఆస్‌బర్న్ వేరొక చిక్కును ఎదుర్కొనుచుండెను. ప్రకటనల వ్యాపారమునకు క్రొత్త ఊహలే పెట్టుబడి. కాని సమావేశములలో ఒకరు ఒక ఊహ చెప్పగానే మరియొకరు అది సాగదనెడివారు. పెద్ద ఉద్యోగి ముఖము చిట్లించెడివాడు. క్రిందివారు నోరు మెదపక కూర్చుండెడివారు. 1939 ప్రాంతమున ఆస్‌బర్న్ తన సమావేశములకు నాలుగు కట్టుబాట్లు విధించెను. ఎవరి ఊహను అప్పటికప్పుడు విమర్శింపరాదు. ఎంత వింతదైనను చెప్పవచ్చును. ఊహలు ఎన్ని ఎక్కువయిన అంత మంచిది. ఒకరి ఊహ మీద మరియొకరు కట్టవచ్చును. మంచిచెడ్డల నిర్ణయము పిమ్మట, వేరొక సమయమున. ఈ పద్ధతికే బ్రెయిన్‌స్టార్మింగు అని పేరు. 1953లో అతడు ప్రకటించిన గ్రంథము వలన అది అమెరికాలోని పెద్ద పరిశ్రమలకు, సైన్యమునకు, విద్యాలయములకు ప్రాకెను. 1955లో బఫెలో నగరమున దీని బోధనకు ప్రత్యేక శిక్షణ సదస్సులు ఆరంభమయ్యెను.

మన దేశమునకు సంబంధించిన ఒక చిన్న విశేషము ఆ గ్రంథములో కలదు. ఇటువంటి పద్ధతిని హిందూ గురువులు 400 సంవత్సరములకు పైగా వాడుచుండిరనియు, దాని పేరు “ప్రాయి బర్షణ” అనియు ఆస్‌బర్న్ వ్రాసెను. ఆ రూపముననే ఈ మాట సంస్కృతమువలె మాకు తోచుట లేదు; వినికిడిలో ఎక్కడనో రూపు మారియుండును. గురువును మరల మరల అడిగి తెలిసికొనుటను మనవారు పరిప్రశ్నము అనిరి. పేరు ఏదైనను, దానిని చూచి మనము పొంగిపోవలసిన పని లేదు. మన పాఠశాలలలో ఎదురు ప్రశ్న వేసిన పిల్లవానిని ఎంతవరకు మెచ్చుకొనుచున్నామో మనకు తెలియనిది కాదు.

బ్రెయిన్‌స్టార్మింగునకు ఎంత ప్రచారము కలిగెనో అంత పరీక్షయు జరిగెను. 1958లో యేల్ విశ్వవిద్యాలయములో డానల్డ్ టేలరు, పాల్ బెర్రీ, క్లిఫర్డ్ బ్లాక్ అను ముగ్గురు 96 మంది విద్యార్థులను తీసికొనిరి. 48 మందిని నలుగురేసి చొప్పున 12 బృందములుగా కూర్చుండబెట్టిరి. తక్కిన 48 మందిని ఒంటరిగా ఆలోచింపనిచ్చి, పిమ్మట వారి జాబితాలను నలుగురివి చొప్పున కలిపిరి. ఫలితము చాలమందిని ఆశ్చర్యపరచెను. విడివిడిగా ఆలోచించిన నలుగురు, కలసి కూర్చుండిన నలుగురికంటె దాదాపు రెండింతల ఊహలను ఇచ్చిరి. కారణములను వెదకిన తరువాతి పరిశోధకులు ముఖ్యమైన ఒకదానిని కనుగొనిరి. 1987లో మైకేల్ డీల్, వుల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె దానిని నిరూపించిరి: ఒకరు మాట్లాడుచుండగా తక్కినవారు తమ వంతుకై కాచుకొని యుండవలెను, ఆ నిరీక్షణలో ఊహ జారిపోవును. విమర్శింపరాదన్న కట్టుబాటు ఉన్నను, పదిమంది ఏమనుకొందురో అన్న జంకు పూర్తిగా తొలగదు.

దీనికి విరుగుడు కూడ తెలివైనదే. 1960ల చివర జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాక్ అను నిపుణుడు ఊహలను నోటితో గాక కాగితము మీద చెప్పించెను. ఆరుగురు కూర్చుందురు, ఒక్కొక్కరు అయిదు నిమిషములలో మూడు ఊహలు వ్రాసి కాగితమును ప్రక్కవారికి అందింతురు. వారు దానిని చదివి, తమవి చేర్చి, ముందుకు పంపుదురు. అరగంటలో కాగితములు చుట్టు తిరిగివచ్చునప్పటికి 108 ఊహలకు చోటు కలదు. గట్టిగా మాట్లాడువానికిని, నెమ్మదస్థునకును ఇందులో సమానమైన స్థలము. నోరు గలవానిదే రాజ్యము కారాదనుటకు ఇంతకంటె చక్కని ఉపాయము మాకు కనబడదు. ఆస్‌బర్న్ కూడ ఒంటరి ఆలోచనను కాదనలేదు. రెండును ఉండవలెననియే చెప్పెను. అనుచరులు సగము విని సగము మరచిరి.

ఇప్పుడు జపానునకు పోవుదము. 1945లో ఓడిపోయి, నగరములు బూడిదయై, ముడిసరకు లేక, సొమ్ము లేక నిలిచిన దేశమది. అమెరికావారి ఆక్రమణ కాలమున, 1950 ప్రాంతమున, మనము ముందు చెప్పిన పది గంటల పాఠములు జపాను చేరెను. అమెరికాలో మరుగున పడిన విత్తనము అక్కడ నాటుకొనెను. నేల అప్పటికే కొంత దున్నబడి యుండెను. 1924లో సకిచి టొయోడా ఒక స్వయంచాలక మగ్గమును పూర్తి చేసెను. దారము తెగగానే అది తనంతట తాను ఆగిపోవును. మన పోచంపల్లి, మంగళగిరి నేతగాండ్రకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తెగిన పోగును చూడక నేసినచో బట్ట అంతయు లోపమే. తప్పు జరిగిన క్షణముననే ఆగవలెనన్న ఈ సూత్రమును ఆ కుటుంబము స్థాపించిన మోటారు కర్మాగారము వారసత్వముగా గైకొనెను. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ సోదరుల సంస్థ ఈ మగ్గపు హక్కులను కొనెను.

1950లో టొయోటా సంస్థ అప్పులలో కూరుకొనిపోయి, పనివారిని తొలగింపబోగా పెద్ద సమ్మె జరిగెను. అధ్యక్షుడు కిఇచిరో టొయోడా బాధ్యత వహించి రాజీనామా చేసెను. ఆ యేడే అమెరికాలో ఫోర్డు కర్మాగారమును చూడబోయిన ఐజి టొయోడా, షొఇచి సైటో అక్కడి సలహాల పథకమును గమనించి, 1951లో తమ సంస్థలో దానిని ప్రవేశపెట్టిరి.

అక్కడి యంత్రశాలలో తైఇచి ఓనో అను ఇంజనీరు ఉండెను. యంత్రము ఆగినప్పుడు అయిదుసార్లు “ఎందుకు?” అని అడుగవలెనని అతని బోధ. అతడు ఇచ్చిన దృష్టాంతము ప్రసిద్ధమైనది. యంత్రము ఆగెను. ఎందుకు? బరువు మించి ఫ్యూజు పోయెను. ఎందుకు? బేరింగునకు చమురు చాలలేదు. ఎందుకు? చమురు పంపు సరిగా తోడుట లేదు. ఎందుకు? దాని ఇరుసు అరిగిపోయెను. ఎందుకు? వడపోత లేనందున ఇనుప రజను లోపలికి పోయెను. మొదటి జవాబుతో తృప్తిపడినవాడు ఫ్యూజు మార్చి పోవును. కొన్ని దినములకు యంత్రము మరల ఆగును. అయిదవ జవాబు వరకు పోయినవాడు వడపోత బిగించును.

ఇందులో గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. ప్రశ్న “ఎందుకు?” అనియే గాని “ఎవరు?” అని కాదు. మన కార్యాలయములలో పొరపాటు జరుగగానే మొదట బయలుదేరు ప్రశ్న “ఎవరు చేసినారు?” అనునది. ఆ ప్రశ్న వినబడగానే సత్యము బల్ల క్రింద దాగుకొనును. ఓనో నేలమీద సుద్దతో వలయము గీసి, ఇంజనీరును అందులో గంటల తరబడి నిలువబెట్టి, పనిని చూడుమని పోయెడివాడని చెప్పుకొందురు. టేలరు కూడ పనివాని ప్రక్కన మనిషిని నిలువబెట్టెను. అతడు పనివానికి నేర్పుటకై నిలిచెను. ఓనో నిలువబెట్టినది పనినుండి నేర్చుకొనుటకు.

ఈ భావమును సామాన్యులకు అందించినవాడు కఓరు ఇషికావా. అతడు టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 1943లో కవాసాకి ఉక్కు కర్మాగారపు ఇంజనీర్లకు బోధించుచు అతడు ఒక చిత్రము గీసెను. చేప తల వంటి చోట దోషమును వ్రాసి, ముల్లుల వంటి గీతలమీద కారణములను, మనుష్యులు, యంత్రములు, సరకు, పద్ధతి అని వర్గములుగా వ్రాయుట దీని క్రమము. చదువు తక్కువైన పనివాడు కూడ లేచి తనకు తెలిసిన కారణమును ఒక ముల్లుగా చేర్చగలడు. 1962లో అతని నాయకత్వమున ఫోర్మన్ల కొరకు ఒక పత్రిక వెలువడెను. పనివారు తమ సొంత సొమ్ముతో కొనగలుగునట్లు వెల తక్కువగా ఉంచిరి. దానిని కలసి చదువుటకు చిన్న చిన్న బృందములు ఏర్పడెను. ఆ సంవత్సరము మే నెలలో జపాను తంతి టెలిఫోను సంస్థకు చెందిన మత్సుయామా శాఖలో మొదటి బృందము నమోదయ్యెను. ఇవియే క్వాలిటీ సర్కిల్స్, అనగా నాణ్యతా వలయములు.

జపాను వస్తువులు లోకమంతట గెలుచుట చూచి అమెరికా సంస్థలు మేల్కొనెను. లాక్‌హీడ్ విమాన సంస్థ 1974లో ఈ వలయములను ప్రారంభింపగా వందల సంస్థలు అనుసరించెను. వాటిలో చాల భాగము 1980ల మధ్యకే అంతరించెను. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లయ్యెను. కూటమి పెట్టిరి, చిత్రములు గీయించిరి. కాని మధ్యస్థాయి అధికారులు తమ పెత్తనము పోవునని జంకి, పనివారి సూచనలను బల్ల సొరుగులలో పెట్టిరి. వెనుకటి సలహాల పెట్టెయే క్రొత్త పేరుతో తిరిగి వచ్చెను.

అయితే ఒక్కచోట భిన్నమైన అనుభవము కలిగెను. కాలిఫోర్నియాలోని ఫ్రీమంటులో జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారము తగవులకు, గైరుహాజరీలకు పేరుమోసి 1982లో మూతపడెను. 1984లో టొయోటాతో కలసి దానిని మరల తెరచిరి. పనివారిలో అధికభాగము పాతవారే; సంఘమును పాతదే. కాని ఈసారి దోషము కనబడినప్పుడు త్రాడు లాగి సహాయము పిలుచుటకును, అవసరమైనచో వరుసను ఆపుటకును ప్రతి పనివానికి అధికార మిచ్చిరి. నూటికి 20 వరకు ఉన్న గైరుహాజరీ 2, 3కు దిగెను. 1988 ప్రాంతమున అమ్మకములు తగ్గినప్పుడు మాట నిలుపుకొని ఎవరిని తొలగింపలేదు. ఖాళీ సమయమును శిక్షణకు వినియోగించిరి. 2010లో ఆ కర్మాగారము మూతపడినను, “మనుషులే చెడ్డవారు” అన్న వాదమునకు అది ఇచ్చిన జవాబు నిలిచియున్నది.

మన దేశము ఈ చరిత్రకు దూరముగా లేదు. నాణ్యతకు గణాంకశాస్త్రమును అన్వయించిన వాల్టర్ షూహార్టు మహలనోబిస్ ఆహ్వానమున 1947–48లో మన దేశమున పర్యటించెను. 1958లో జాతీయ ఉత్పాదకతా మండలి ఏర్పడెను. నాణ్యతా వలయము మన దేశమున మొదట రూపు దాల్చినది మాత్రము హైదరాబాదు చెంత రామచంద్రాపురములోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారములో, 1980లో. అక్కడి ఉన్నతాధికారి ఎస్. ఆర్. ఉడ్పా దానికి పూనుకొనెను. 1982లో సికింద్రాబాదు కేంద్రముగా ఈ వలయములకు అఖిల భారత వేదిక కూడ ఏర్పడెను.

ఆ వలయము పని చేయు తీరు సరళమైనది. ఒకే చోట పని చేయు ఆరుగురు మొదలు పన్నెండుగురు వరకు తమ ఇష్టముతో చేరుదురు. వారమునకొక గంట కూర్చుందురు. సమస్యను పైవారు ఈయరు, వారే ఎన్నుకొందురు. నూనె కారుటయో, పనిముట్టు వెదకుటలో ప్రొద్దు పోవుటయో, ఒక భాగము మాటిమాటికి తిరస్కృతమగుటయో కావచ్చును. లెక్కలు తీయుదురు, చేపముల్లు చిత్రము గీయుదురు, కారణమును నిర్ధారించి పరిష్కారమును ప్రయోగించి చూతురు. పిమ్మట పై అధికారుల ముందు నిలిచి వివరింతురు. మా దృష్టిలో ఈ చివరి మెట్టే ప్రధానము. జీవితమంతయు ఆజ్ఞలు విన్నవాడు ఒక్క అరగంట చెప్పువాడగును. చెప్పుటయే అలవాటైనవాడు విని, అవుననో కాదనో కారణముతో జవాబీయవలసియుండును.

ఇంత చెప్పిన పిమ్మట చీకటి ప్రక్కను దాచుట ధర్మము కాదు. పనివాని ఆలోచనను గూడ చేతులవలెనే పిండుకొనుటకు ఈ పద్ధతులను వాడవచ్చును. 2002లో జపానులో టొయోటా కార్మికుడొకడు, ముప్పది యేండ్లవాడు, పనిలో ఉండగానే కుప్పకూలి మరణించెను. పని వేళ ముగిసిన పిమ్మట నాణ్యతా వలయమునకై అతడు వెచ్చించిన గంటలు పని క్రిందికి రావా అని అతని భార్య న్యాయస్థానమును అడిగెను. వచ్చునని 2007లో నాగోయా జిల్లా న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2008నుండి ఆ గంటలకు పూర్తిగా వేతనము చెల్లింపబడెను. ఇష్టపూర్వకమను పేరుతో పిలిచినదంతయు ఇష్టపూర్వకము కాదని ఆ ఇల్లాలు లోకమునకు తెలియజెప్పెను.

వేరొక ప్రమాదము ఇంకను పాతది. పదిమంది చేయు పనిని ఎనిమిదిమందితో చేయు ఉపాయమును పనివాడు చెప్పినప్పుడు, తక్కిన ఇద్దరి గతి ఏమి? వారిని ఇంటికి పంపినచో అది ఏరు దాటి తెప్ప తగలవేయుటయే. ఆ మరునాటినుండి అక్కడ ఎవరును నోరు విప్పరు. వారు మూర్ఖులై కాదు, తెలివిగలవారై.

కనుక మేనేజరు పదవిలో ఉన్న మన శ్రోతలకు మా విన్నపము ఇది. సూత్రములను నేర్చుకొనుడు, అవి మంచివే. కాని కూటమిని పిలుచుటకు ముందు మూడు మాటలు మీలో మీరు తేల్చుకొనుడు. వచ్చిన ప్రతి సూచనకు గడువులోగా జవాబీయగలరా? తప్పు జరిగినచోట “ఎవరు?” అను ప్రశ్నను మ్రింగి “ఎందుకు?” అని అడుగగలరా? ఆలోచన చెప్పినవాని అన్నమునకు ఆ ఆలోచన వలన భంగము రాదని మాట ఈయగలరా? ఈ మూడింటికి అవునన్నచో ఏ పద్ధతియైనను పని చేయును. కాదన్నచో ఎన్ని కాగితములు గోడకు అంటించినను అవి గోడమీది కాగితములే.

బెత్లెహేము కూలి ఉదయ సాయంకాలములలో కట్టుకొన్న ఇంటిని గూర్చి టేలరు ఒక్క వాక్యముతో సరిపెట్టెను. ఆ గోడలు ఎట్లు నిలిపితివి, ఆ మెలకువ ఎక్కడ నేర్చితివి అని అతనిని ఎవరైనను అడిగియుండినచో, ఇనుప దిమ్మెలను మోయుటలో కూడ అతడు చెప్పదగినది ఏదో ఉండెడిదని మా నమ్మకము.

ఇక మా సంగతి. ఇంతసేపు మేము చెప్పితిమి, మీరు వింటిరి. మీ కార్యాలయములో, మీ కర్మాగారములో, మీ వంటింటిలో ఇటువంటి అనుభవములు ఉన్నచో మాకు వ్రాయుడు. వినుట ఈసారి మా వంతు.